టూ-లెట్ బోర్డు కట్టే ముందు

అద్దెకిచ్చే ఫ్లాటుకు అగ్ని భద్రత తనిఖీ అంటే రెండు ప్రశ్నలకు జవాబు వెతకడం. ఈ ఇంట్లో నిప్పు ఎక్కడ పుట్టగలదు? పుడితే లోపలున్నవాళ్లు ఎటునుంచి బయటపడతారు? మొదటి ప్రశ్నకు జవాబు ఎక్కువగా కరెంటు బోర్డులోనూ వంటింట్లోనూ దొరుకుతుంది. రెండోదానికి జవాబు గుమ్మం దాటాక, మెట్ల మీద దొరుకుతుంది. ఇంటి ఓనర్లు మొదటిదాన్ని కొంతైనా పట్టించుకుంటారు. రెండోదాన్ని చాలామంది అసలు అడగనే అడగరు. హైదరాబాదులో ఈ మధ్య జరిగిన పెద్ద ప్రమాదాల్లో ప్రాణాలు పోయింది మాత్రం ఆ రెండో ప్రశ్న దగ్గరే.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. నగరంలో పక్కపక్కనే ఉన్న ఈ మూడు పేటలూ కిరాయి ఇళ్లకు పేరుపడ్డవి. త్యాగరాయ గానసభ చుట్టూ ఉన్న సందుల్లో, సిటీ సెంట్రల్ లైబ్రరీ పరిసరాల్లో, నారాయణగూడ చౌరస్తా నుంచి లోపలికి పోయే గల్లీల్లో పాత అపార్టుమెంట్లు చాలా ఉన్నాయి. చాలావాటికి కింద పార్కింగు, పైన నాలుగైదు అంతస్తులు, ఒకటే మెట్లదారి, ఇరుకు లిఫ్టు. మొదట్లో కొన్నవాళ్లలో కొందరు కొండాపూర్ వైపు వెళ్లిపోయారు. కొందరు పిల్లల దగ్గరికి అమెరికా చేరారు. ఫ్లాటు మాత్రం కిరాయికి ఉంది. నెలనెలా డబ్బులు బ్యాంకులో పడుతుంటాయి. ఓనరు ఆ గుమ్మం తొక్కి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి.

ఫైర్ డిపార్టుమెంటు వాళ్లు వచ్చి చూసే ఉంటారులే అని చాలామందికి ఒక ధీమా. అది ఉత్త ధీమాయే. తెలంగాణలో నివాస భవనానికి అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, అవసరమయ్యేది దాని ఎత్తు 18 మీటర్లకు చేరితేనే. పార్కింగు మీద నాలుగైదు అంతస్తులున్న అపార్టుమెంటు మామూలుగా ఆ ఎత్తుకు చేరదు. అంటే చిక్కడపల్లి సందులో ఉన్న పాత అపార్టుమెంటును ఎన్‌ఓసీ కోసం ఏ ఫైర్ ఆఫీసరూ వచ్చి చూడడు. మెట్లు కొలవడు, బోర్డు తెరవడు. ఈ మాట మరోసారి చెప్పుకోవాలి. 18 మీటర్ల కన్నా పొట్టి నివాస భవనానికి ఎన్‌ఓసీ అక్కర్లేదు. అక్కర్లేదంటే ప్రమాదం లేదని కాదు, చూసే బాధ్యత పూర్తిగా ఓనర్ల మీదే పడిందని.

ఇంగ్లండులో పరిస్థితి వేరు. అక్కడ ఇల్లు అద్దెకిచ్చే యజమాని ప్రతి అంతస్తులోనూ పొగను పసిగట్టి మోగే అలారం పెట్టి తీరాలని 2015లో నిబంధన వచ్చింది. కనీసం ఐదేళ్లకోసారి కరెంటు వైరింగు పరీక్ష చేయించి, ఆ నివేదిక అద్దెకుండేవారి చేతికివ్వాలని 2020లో మరొకటి వచ్చింది. ఈ రెండు నిబంధనలకూ మధ్య, 2017 జూన్‌లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో ఒక ఫ్లాటు వంటింట్లోని ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట 72 మందిని బలి తీసుకుంది. మన దగ్గర ఫ్లాటు ఓనరును అలాంటి కరెంటు నివేదిక అడిగేవాళ్లు లేరు. అడగకపోయినా తయారుచేసుకోవడానికి అడ్డేమీ లేదు. ఒక పూట సమయం, పనితెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకరు, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు.

తనిఖీ ఫ్లాటు లోపల మొదలుపెట్టకూడదు. కింద పార్కింగులో మొదలుపెట్టాలి. ఎందుకో నాంపల్లి బజార్‌ఘాట్ చెబుతుంది.

2023 నవంబరు 13. దీపావళి మర్నాడు, సోమవారం ఉదయం. బజార్‌ఘాట్‌లో కుటుంబాలు కాపురముంటున్న ఒక అపార్టుమెంటు. కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిలవ ఉన్నాయి. అక్కడే మంట లేచి డ్రమ్ములకు అంటుకుంది. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు మెట్లే దారి. ఆ మెట్ల నిండా పొగ. అగ్నిమాపక సిబ్బంది నిచ్చెనలు వేసి కిటికీల నుంచి కొందరిని దింపారు. ఆ రోజు 9 మంది చనిపోయారు. పైన ఎవరి వంటింట్లోనూ తప్పు జరగలేదు. ఎవరి గ్యాసూ లీకవలేదు. ఎవరి ఫ్లాటు లోపలి తనిఖీ ఎంత బాగా చేసినా ఆ ప్రమాదం అందులో కనబడేది కాదు. అది పార్కింగులో ఉంది.

అంతకు ముందు ఏడాది, 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులోనూ ఇదే వరస. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. మంట కిందే చెలరేగింది. పొగ మెట్ల మీదుగా పై గదుల్లోకి పోయింది. 8 మంది ప్రాణాలు పోయాయి.

శ్రోతలారా, ఈ రెండింటిలోనూ ఒక సంగతి గమనించాలి. మంట కింద, మనుషులు పైన. పొగ ఎప్పుడూ పైకే పోతుంది. అపార్టుమెంటులో మెట్లున్న చోటు ఇటుక బట్టీ గొట్టంలా పనిచేస్తుంది. కింద పుట్టిన పొగను క్షణాల్లో పై అంతస్తుకు లాక్కుపోతుంది. మంట ఒంటికి తాకకముందే పొగ ఊపిరాడనివ్వదు. అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. నిద్రలో ఉన్నవారు లేవకుండానే పోవచ్చు.

కాబట్టి మొదట పార్కింగు. మీటర్ల బోర్డు ఎక్కడుంది? చాలా పాత భవనాల్లో సరిగ్గా మెట్ల కిందే ఉంటుంది. అన్ని ఫ్లాట్ల కరెంటూ అక్కడికే వచ్చి చేరుతుంది. దాని ముందు ఏముందో చూడాలి. పాత పరుపు, రంగు డబ్బాలు, విరిగిన ఫర్నిచరు, వాచ్‌మన్ కుటుంబం వంట స్టౌ, బోర్డుకు ఆనించి నిలబెట్టిన బైకులు. మీటర్ల దగ్గర నిప్పురవ్వ రాలితే అందుకోవడానికి ఏమీ ఉండకూడదు. నిజానికి ఈ తనిఖీలో అన్నిటికన్నా ముఖ్యమైన పనీ, పైసా ఖర్చులేని పనీ ఇదే. బోర్డు చుట్టూ ఖాళీ చేయించడం.

తర్వాత ఎలక్ట్రిక్ స్కూటర్లు. ఇప్పుడు ప్రతి పార్కింగులోనూ రెండు మూడు ఉంటున్నాయి. పై ఫ్లాటు బాల్కనీ నుంచి వైరు వేలాడదీసి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి, రాత్రంతా ఛార్జింగు పెట్టేవాళ్లున్నారు. అది చేయకూడని పని. స్కూటరుకు విడిగా ఒక ప్లగ్ పాయింటు ఉండాలి. దానికి సొంత ఎంసీబీ, అంటే బరువు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్, ఉండాలి. మెట్లకు వీలైనంత దూరంగా, వీలైతే బయటి గోడ వైపు ఉండాలి. విడదీసే బ్యాటరీని పైకి తెచ్చి గుమ్మం పక్కనే ఛార్జింగు పెట్టడమూ తప్పే. అది అంటుకుంటే బయటికి పోయే దారే మూసుకుపోతుంది.

మెట్ల సంగతికొస్తే, చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు, వాటర్ క్యాన్లు, పాత బీరువా అన్నీ అక్కడికే చేరతాయి. చీకట్లో, పొగలో, చంటిపిల్లను ఎత్తుకుని దిగే మనిషిని ఊహించుకుని ఆ మెట్లను చూడాలి. ఆఖరి అంతస్తు దాకా ఎక్కి డాబా తలుపు తోసి చూడాలి. చాలాచోట్ల దానికి తాళం ఉంటుంది. దొంగల భయం ఒక కారణం, పడుచువాళ్లు పైకెక్కుతారన్నది మరో కారణం. కింద పొగ నిండినప్పుడు పైవాళ్లకు మిగిలేది ఆ డాబా ఒక్కటే. తాళం తప్పదనుకుంటే బయటినుంచి లోపలికి రాకుండా, లోపలినుంచి మాత్రం చెయ్యి తిప్పగానే తెరుచుకునే గడియ పెట్టించవచ్చు. కొన్ని భవనాల్లో డాబా మీద రేకుల గది వేసి విద్యార్థులకు కిరాయికిచ్చారు. అది పైకి పోయే దారినే మింగేస్తుంది.

ఇక్కడ ఓనర్లు చెప్పే మాట ఒకటుంది. మెట్లూ పార్కింగూ నావి కావు, అసోసియేషన్‌వి అంటారు. ఆ మాటలో సగమే నిజం. 1987 అపార్టుమెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి స్థలంలో ప్రతి ఫ్లాటు ఓనరుకూ విడదీయరాని వాటా ఉంటుంది. అమెరికాలో ఉన్నా ఆ వాటా పోదు, దాంతోపాటు అడిగే హక్కూ పోదు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మీటర్ బోర్డు ఫొటో పెట్టి, దీన్ని ఎప్పుడు ఖాళీ చేస్తారని అడిగితే చాలు. అడిగినట్టు రాతలో ఉంటుంది.

ఇప్పుడు ఫ్లాటు లోపలికి.

ముప్పై నలభై ఏళ్ల కిందట ఇల్లు కట్టినప్పుడు ఆ వైర్లు ఫ్యాన్లకూ లైట్లకూ ఒక టీవీకీ ఫ్రిజ్‌కీ లెక్కకట్టి వేసినవి. ఇప్పుడు అదే ఇంట్లో రెండు ఏసీలు, గీజరు, వాషింగ్ మెషీన్, మైక్రోవేవ్, ఇండక్షన్ స్టౌ. గీజరు ఒక్కటే దాదాపు 2 కిలోవాట్లు లాగుతుంది. కరెంటు బిల్లు తీసి చూస్తే అందులో కాంట్రాక్టెడ్ లోడ్ అని ఒక అంకె ఉంటుంది. పాత ఫ్లాట్లలో అది ఒకటో రెండో ఉంటుంది. అంటే గీజరు వేయగానే ఆ లెక్క అయిపోయినట్టే. అదనపు లోడ్ కోసం విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకన్నా ముందు లోపలి వైరు ఆ బరువు మోయగలదో లేదో తెలుసుకోవాలి. ఏసీకీ గీజరుకూ బోర్డు నుంచి విడివిడిగా, మామూలు ప్లగ్గు వైరు కన్నా లావు రాగి వైరు రావాలి. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయడం వాడుక. ఎలక్ట్రీషియన్‌ను ఈ ఒక్క ప్రశ్న అడిగినా ఎంతో తెలుస్తుంది: ఏసీ వైరు ఎక్కడి నుంచి వస్తోంది?

మరో అలవాటు చాలా ప్రమాదకరమైనది. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని అద్దెకుండేవారు ఫిర్యాదు చేస్తారు. ఎవరో వచ్చి 16 ఆంపియర్లది తీసేసి 32 ఆంపియర్లది బిగించి వెళ్తారు. ఇక పడిపోదు. అందరికీ సంతోషం. నిజానికి ఎంసీబీ పడిపోవడమంటే వైరు వేడెక్కుతోందని చెప్పడమే. ఆ చెప్పే నోరు నొక్కేశారు. వైరు గోడలోపల వేడెక్కుతూనే ఉంటుంది. పాత కిట్‌క్యాట్ ఫ్యూజుల్లో లావు తీగ చుట్టడం కూడా ఇదే తప్పు. మళ్లీ చెప్పుకోవాలి. ఎంసీబీ పడిపోతుంటే ఎంసీబీని మార్చకూడదు, అది ఎందుకు పడుతోందో వెతకాలి.

వెతకడానికి కళ్లూ ముక్కూ చెయ్యీ చాలు. నల్లబడ్డ ప్లగ్గు రంధ్రాలు, కరిగిన స్విచ్ అంచు, గీజరు వేసినప్పుడు ప్లాస్టిక్ మాడుతున్న వాసన, వెచ్చగా తగిలే స్విచ్ బోర్డు. వీటిలో ఏదున్నా అక్కడ కనెక్షను వదులైందనో, బరువు ఎక్కువైందనో అర్థం. బోర్డులో ఆర్‌సీసీబీ ఉందా అన్నది కూడా చూడాలి. 30 మిల్లీ ఆంపియర్లది ఉంటే కరెంటు పక్కదారి పట్టగానే సరఫరా ఆపేస్తుంది. షాకు నుంచి కాపాడేది అదే. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. ఈ పరీక్షకు అర నిమిషం చాలు.

వంటింట్లో చూడాల్సినవి కొద్దే. గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే నేలమీద పరుచుకుంటుంది. అందువల్ల సిలిండరు నిలబెట్టి ఉండాలి, స్టౌ దానికన్నా ఎత్తులో ఉండాలి, కింది అరను పూర్తిగా మూసేయకూడదు. పైపు మీద తయారైన తేదీ ముద్ర ఉంటుంది. ఐదేళ్లు దాటితే మార్చాలి. కొత్తగా వచ్చేవారికి ఇల్లప్పగించేటప్పుడు ఆ తేదీ చూపించడం మంచిది. లీకైతే చేయాల్సిన ఫోను 1906.

ఇక అశోక్‌నగర్ విద్యార్థుల ఇళ్లు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునేవారు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ఏళ్ల తరబడి ఉంటారు. డబుల్ బెడ్రూం ఫ్లాటును ఒకరు లీజుకు తీసుకుని, హాలును ప్లైవుడ్‌తో రెండు గదులు చేసి, పదిమందిని పెట్టడం ఇక్కడ అందరికీ తెలిసిన పనే. ప్రతి మంచం పక్కనా ఎక్స్‌టెన్షన్ బోర్డు. దానికి ల్యాప్‌టాప్, ఫోను, కెటిల్. బకెట్‌లో హీటర్ రాడ్డు. ఒక మూల, నల్లబజారులో గ్యాసు నింపించిన చిన్న సిలిండరు. పుస్తకాల గుట్టలు సరేసరి. ఒక కుటుంబానికి కట్టిన ఇల్లు పదిమందికి హాస్టలయితే ప్రమాదం లెక్కే మారిపోతుంది. తన ఫ్లాటులో ఎంతమంది ఉంటున్నారో తెలియని ఓనరు తనిఖీ చేయించినా వ్యర్థమే. ఎక్కువ కిరాయి వస్తోందని తెలిసీ కళ్లు మూసుకున్న ఓనరును మాత్రం అమాయకుడని అనలేం. ప్లైవుడ్ గోడ మంటను ఆపదు, దానికి మేతవుతుంది. లోపలి గది వాడు హాలు గుండానే బయటికి రావాలి. హాలే అంటుకుంటే?

ఆ ప్రశ్నతోనే మళ్లీ బయటపడే దారి దగ్గరికి రావాలి. హైదరాబాదు ఫ్లాట్లలో గ్రిల్లు లేని కిటికీ అరుదు. బాల్కనీకీ గ్రిల్లే. గుమ్మానికి బయట ఇనుప గేటు, దానికి లోపలి నుంచి తాళం, తాళంచెవి ఎవరి దిండు కిందో. దొంగ రాకుండా చేసిన ఏర్పాటు మనిషిని పోనివ్వదు. 2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన కుటుంబాలున్న ఇంట్లో మంట చెలరేగి 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. ఆ ఇంట్లోకి పోవడానికీ రావడానికీ ఒకటే ఇరుకు దారి. ప్రతి ఫ్లాటులోనూ వీధివైపు ఒక కిటికీ గ్రిల్లులోనైనా తెరుచుకునే తలుపు ఉండాలి. వెల్డింగు చేసేవాడు ఒక పూటలో పెడతాడు. దాని తాళంచెవి అక్కడే గోడకు వేలాడాలి. గుమ్మం గేటుకు తాళంకన్నా గడియ నయం.

దాంతోపాటు పొగ అలారం. బ్యాటరీతో నడిచేది, ఇంటి పైకప్పుకు రెండు స్క్రూలతో బిగించేది దొరుకుతుంది. పడకగదుల బయట హాలులో పెట్టాలి. వంటింట్లో పెడితే పోపు వేసినప్పుడల్లా మోగుతుంది, విసుగొచ్చి బ్యాటరీ తీసేస్తారు. వంటింటి గుమ్మం దగ్గర ఏబీసీ పౌడరు రకం చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషరు ఒకటి. స్టౌ పైన కాదు, గుమ్మం దగ్గర. దాని మీటరు ముల్లు పచ్చరంగులో ఉండాలి. అది కొన్ని సెకన్లే పనిచేస్తుందని, చిన్న మంటకే పనికొస్తుందని అద్దెకుండేవారికి చెప్పాలి. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదని, స్టౌ ఆపి మూత పెట్టాలని కూడా చెప్పాలి.

చెప్పడమన్నది మర్యాద మాత్రమే కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షను ఉంది. ఇంటిలో పైకి కనబడని పెద్ద లోపం ఓనరుకు తెలిసి, మామూలు జాగ్రత్తతో చూసినా అద్దెకు వచ్చేవారికి తెలిసే వీలు లేకపోతే, ఓనరు దాన్ని బయటపెట్టాలి. గోడలో పాతబడ్డ వైరింగు అలాంటి లోపమే అనుకోవాలి. నిర్లక్ష్యంవల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. కిరాయి అగ్రిమెంటుకు ఒక కాగితం జతచేయడం మంచిది. తనిఖీ ఎప్పుడు జరిగింది, ఎవరు చూశారు, ఏం మార్చారు, ఎంతమంది ఉండవచ్చు, ప్లైవుడ్ గోడలు కట్టకూడదు, మెట్ల మీద సామాను పెట్టకూడదు. ఇద్దరూ సంతకం పెడితే ఇద్దరికీ అండ.

అద్దెకుండేవారికి చెప్పాల్సిన ఆఖరి మాట మంట లేచాక ఏం చేయాలన్నది. మంట సొంత ఫ్లాటులోనే ఉంటే అందరూ బయటికొచ్చి తలుపు మూసేయాలి. మూసిన తలుపు పొగను మెట్ల మీదికి పోనివ్వదు, పైవాళ్లకు సమయం దొరుకుతుంది. లిఫ్టు ఎక్కకూడదు. మెట్ల మీద అప్పటికే పొగ నిండి ఉంటే అందులోకి దిగకూడదు. వీధివైపు గదిలో తలుపు వేసుకుని, కింది సందులో తడిబట్ట కుక్కి, కిటికీ దగ్గర నిలబడి 101కి ఫోను చేయాలి. అడ్రసు చెప్పేటప్పుడు వీధితోపాటు దగ్గరి గుర్తు కూడా చెప్పాలి. ఫైరింజన్ ఆ సందు తిరగాలంటే మలుపులో కారు ఉండకూడదు. అదీ తనిఖీలో చూడాల్సిందే.

ఫ్లాటు చేతులు మారే సమయం ఈ పనులన్నిటికీ అనువైనది. పాతవారు సామాను తీసుకెళ్లాక, కొత్తవారు రాకముందు ఇల్లు ఖాళీగా ఉండే ఆ కొద్దిరోజుల్లో గోడలకు సున్నం వేయిస్తారు. ఓనర్లకు విన్నపం ఒక్కటే. సున్నం వేసేవాడికన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.